ఓణీ బాకీ

కనుమ నాడు కాకి కూడా ఊరు దాటదంటారు. మేం మాత్రం ఈసారి కనుమ రోజు పొద్దుగూకాక రెండు కార్లలో, రెండు బైకుల మీద మా ఊరి నుంచి భీమవరం వెళ్ళాం. దేనికంటే, హోటల్లో అన్నం తినడానికి.

మా అమ్మకి ఆ కోపం ఇంకా తగ్గలేదు. కోపంలో న్యాయం కూడా ఉంది. కనుమ నాడు మినుము తినాలని తెల్లవారుజామునే లేచి పప్పు రుబ్బి (మామూలు రోజుల్లో గ్రైండరే, పండక్కి మాత్రం రోలే, ఆ పట్టుదలేంటో నాకెప్పుడూ అర్థం కాలేదు) గారెలు వేసి, నాటుకోడి పులుసు పెట్టి, రాత్రికి కూడా సరిపోయేలా దాచింది. నేనేమో సాయంత్రం ఆరింటికి చొక్కా మార్చుకుంటూ "రాత్రికి నాకు వద్దులేమ్మా" అన్నాను. "హైదరాబాదులో ఏడాదంతా తినేది ఆ హోటలు కూడే కదరా, ఇక్కడికొచ్చి కూడా అదేనా" అంది. పంతంగి టోల్ దగ్గర ముప్పావుగంట నిలబడి, చిల్లకల్లు దగ్గర ఇంకాసేపు నిలబడి, మొత్తం 13 గంటలు కారు నడిపి వచ్చింది నీ గారెల కోసమేనమ్మా అన్నాను. నమ్మలేదు.

సంగతేంటంటే, మా పదో తరగతి బ్యాచ్, అంటే 1999 మార్చిలో పరీక్షలు రాసినవాళ్ళం, ఊళ్ళో ఉన్నంతమందిమి ప్రతి కనుమకీ ఎక్కడో ఒకచోట కూర్చుంటాం. ఎవరింట్లోనైనా కూర్చోవచ్చు కదా అంటే, కూర్చోలేం. ఇంట్లో అయితే హాల్లో వాడి మామగారు టీవీ చూస్తూ ఉంటాడు, వాళ్ళావిడ గుమ్మం దగ్గర నిలబడి "ఇంకో గారె వేసుకోండి అన్నయ్యగారూ" అంటూ ఉంటుంది, మనం నోరు అదుపులో పెట్టుకుని మాట్లాడాలి. 42 ఏళ్ళు వచ్చాక ఒకణ్ని "ఒరేయ్ ఎదవా" అని పిలవాలంటే దానికి తగ్గ చోటు కావాలి. ఇన్నేళ్ళూ ఆ చోటు ఏదో ఒక బార్ అండ్ రెస్టారెంటు.

ఈసారి చిక్కొచ్చింది. ఆడపిల్లలు కూడా వస్తామన్నారు.

ఆడపిల్లలు అంటున్నాను గానీ అందులో ఒకామె కూతురు ఇంటర్ చదువుతోంది. మాకు వేరే మాట లేదు మరి. ఆరు నుంచి పది దాకా ఐదేళ్ళు ఒకే గదిలో కూర్చున్నాం, 22 మంది మేము, 19 మంది వాళ్ళు, మధ్యలో గజం వెడల్పు దారి. ఆ దారి దాటి అటు నుంచి ఒక మాట ఇటు రాలేదు, ఇటు నుంచి అటు పోలేదు. ఎవరికైనా ఆడపిల్లల నోట్సు కావాలంటే కింది క్లాసులో ఉన్న ఆ పిల్ల తమ్ముణ్ని పట్టుకుని, వాడికి పుల్ల ఐసు కొనిపెట్టి, వాడి చేత తెప్పించుకోవాలి. నేరుగా అడిగామా, మర్నాటికి బడి గోడ మీద బొగ్గుతో రెండు పేర్లు, మధ్యలో ప్లస్ గుర్తు. ఇక ఆ గోడకి సున్నం వేసేదాకా, ఈ కబురు ఇంటికి ఎప్పుడు చేరుతుందా అని ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని తిరగడమే.

పేర్లు రాయొద్దని ముగ్గురూ ఒట్టు వేయించుకున్నారు. ఫర్వాలేదు, వాళ్ళు మాకు పేర్లకంటే హాజరు పట్టీ నంబర్లతోనే బాగా గుర్తు. మాస్టారు పిలిచేది నంబరే కదా. ఒకటి నుంచి పంతొమ్మిది దాకా వాళ్ళవి, ఆ తర్వాత మావి. వచ్చినవాళ్ళు ఏడు, పన్నెండు, పదహారు. ఏడు కువైట్‌లో తొమ్మిదేళ్ళు పని చేసి వచ్చి ఊళ్ళో ఇల్లు కట్టుకుంది. పన్నెండు హనుమకొండలో బ్యాంకు ఉద్యోగం, పండక్కి భర్తనీ ఇద్దరు పిల్లల్నీ తీసుకుని పుట్టింటికి వచ్చింది. పదహారు మా ఊరి అంగన్‌వాడీ టీచరు. మావాళ్ళకి నంబర్లు లేవు, ముద్దుపేర్లే: రొయ్యల చెరువులున్నవాడు రొయ్య, లెక్కల మాస్టారు పంతులు, ఆర్టీసీ డ్రైవరు పొడుగు. క్లాస్ లీడరు ఇప్పటికీ లీడరే, ఇన్సూరెన్స్ పాలసీలు చేయిస్తాడు.

అసలు లీడరు దీన్ని "ఆత్మీయ సమ్మేళనం" చేసేద్దామని నెల రోజులుగా గ్రూపులో గోల. మనిషికి రెండు వేలు, ఫ్లెక్సీ, మాస్టార్లకి శాలువాలు, మైకు. నాకా సమ్మేళనాలంటే పడదు. ముఖ్య అతిథి వచ్చేదాకా భోజనాలు పెట్టరు, వచ్చాక ఆయన తన బడి రోజులు చెబుతాడు, మన బడి రోజులు ఎవరికీ పట్టవు. ఏడు ఒక్క మెసేజ్ పెట్టింది, "అన్నం తిని కాసేపు మాట్లాడుకుందాం, ఫ్లెక్సీ వద్దు" అని. దాంతో లీడరు చల్లబడ్డాడు. బారు మానేసి ఏసీ ఫ్యామిలీ రెస్టారెంటు అనుకున్నాం. ఇద్దరు మహానుభావులు మాత్రం తమ కార్యక్రమం దారిలోనే, కాలవ గట్టు మీద, కార్లో ముగించుకుని నోట్లో గుప్పెడు సోంపు వేసుకుని వచ్చారు. ఆ ఇద్దరిలో నేను లేను, ఉంటే రాసేవాణ్ని కాదు.

సంక్రాంతి మూడు రోజులూ భీమవరం ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. లాడ్జిలో గది దొరకదు, పందేల కోసం వచ్చేవాళ్ళు ఎప్పుడో ముందే పట్టేసి ఉంటారు. కోడిపందేలు నిషేధమని ప్రతి ఏడాదీ కోర్టు చెబుతుంది, పోలీసులు చెబుతారు, ప్రతి ఏడాదీ బరులు లేస్తాయి, ఫ్లడ్ లైట్లు వెలుగుతాయి. 2022లో జిల్లా కేంద్రం అయ్యాక ఊళ్ళో హోటళ్ళు కూడా బాగా పెరిగాయి, అయినా కనుమ రాత్రికి ఏదీ చాలదు. పుస్తకంలో పేరు రాసుకుని, గుమ్మం బయట ప్లాస్టిక్ కుర్చీలు చూపించి, "అరగంటండీ" అన్నారు. 50 నిమిషాలు పట్టింది. నవ్వొచ్చిన సంగతేంటంటే, ఎవరూ చెప్పకుండానే ఎడమ వైపు కుర్చీల్లో ఆడపిల్లలు, కుడి వైపు మేము, మధ్యలో జనం నడిచే దారి. పన్నెండు భర్త, మా వరంగల్ బావగారు, ఎటు కూర్చోవాలో తెలియక పిల్లల్ని తీసుకుని చేపల తొట్టి చూపించడానికి లోపలికి పోయాడు.

అప్పుడు మొదలైంది అసలు టెన్షన్. వాళ్ళని ఏమని పిలవాలి?

ఇంగ్లీషువాడికి ఈ బాధ లేదు, వాడికి అందరూ ఒకటే. మనకి "వచ్చావా" అనాలా "వచ్చారా" అనాలా అన్నది క్రియలోనే కూర్చుని ఉంటుంది, తప్పించుకోవడానికి దారి లేదు. "నువ్వు" అందామంటే ఒక్కసారి కూడా మాట్లాడని మనిషిని ఏకవచనంతో మొదలుపెట్టడం ఎలా, పక్కన మొగుడు కూడా ఉన్నాడాయె. "మీరు" అంటే ఒకే బోర్డు మీది లెక్కలు ఐదేళ్ళు ఎక్కించుకున్న మనిషిని కలెక్టరాఫీసులో పలకరించినట్టుంటుంది. లీడరు "మేడమ్" అన్నాడు. పంతులు "సిస్టర్" అన్నాడు, దానికి పదహారు మొహం చూడాలి. రొయ్య అందరికంటే తెలివైనవాడు, క్రియలు ఎత్తేసి మాట్లాడాడు: "ఫిష్ ఓకేనా?", "జర్నీ ఎలా?", "కూల్ డ్రింకా, వాటరా?" నేను వాడి దారే పట్టాను. గోదావరి జిల్లాల్లో ఉన్న సుఖం ఏంటంటే ఎక్కడ ఇబ్బంది వచ్చినా ఒక "ఆయ్" పడేస్తే గడిచిపోతుంది. ఆ 50 నిమిషాల్లో ఎన్ని ఆయ్‌లు పడ్డాయో లెక్క లేదు.

టేబుల్ దొరికాక లీడరు మండి చెబుదామన్నాడు, పెద్ద పళ్ళెంలో అందరం కలిసి తింటే బాగుంటుందని. ఏడు తల అడ్డంగా ఊపింది. "వద్దండీ బాబూ. కువైట్‌లో రోజూ ఇంత పళ్ళెంలో మజ్బూస్ అని, వాళ్ళ మాంసపు అన్నం వండి పెట్టేదాన్ని. పెద్ద పళ్ళెం చూస్తే నాకు తినడం గుర్తుకు రాదు, తోమడమే గుర్తుకొస్తుంది" అంది. మామూలుగానే అంది, నవ్వుతూనే. లీడరు మెనూ మూసేశాడు.

బావగారికి పులస కావాలి. "గోదావరి అల్లుడినై పన్నెండేండ్లైతాంది, ఇంకా పులస రుచి చూడకపోతే ఎట్ల" అన్నాడు. ఆర్డరు రాసుకునే కెప్టెన్ కుర్రాడు క్షణం ఆలస్యం చేయకుండా "ఉందండీ" అన్నాడు. రొయ్య వాడి వైపు తిరిగి, "ఏ నెల్లో ఉన్నాం నాన్నా?" అనడిగాడు. పులస వరదల చేప. వానాకాలంలో గోదారికి ఎర్రనీరు వచ్చినప్పుడు సముద్రంలోంచి ఎదురీదుకుంటూ పైకి వస్తుంది, ఆ ఈతలోనే దానికా రుచి. పుష్యమాసంలో దొరికేది పులస కాదు, దాని పేరు పెట్టుకున్న ఇంకేదో. "ఫ్రిజ్‌లో పెట్టిందండీ" అన్నాడు కుర్రాడు, గొంతు కాస్త తగ్గించి. పుస్తెలమ్మి అయినా పులస తినాలన్నారు గానీ ఫ్రిజ్‌లో పులస కోసం అమ్మమనలేదు. దానికి బదులు పండుగప్ప వేపుడు చెప్పాం, పండక్కి పండుగప్ప, పేరు కూడా సరిపోయిందని బావగారిని ఒప్పించాం. నిజానికి ఆ రాత్రి టేబుల్ మీదికి వచ్చినవాటిలో బాగున్నది అదొక్కటే. ముల్లు తక్కువ, కండ పొరలు పొరలుగా విడిపోతుంది, పైన కరివేపాకు కరకరలాడుతోంది. కోడి పులావు మాత్రం అన్నం విడిగా, కోడి విడిగా వండి ఆఖర్న పరిచయం చేసినట్టుంది.

"రొయ్యలు మాత్రం చెప్పకండి, వాటి మొహం చూడలేను" అన్నాడు రొయ్య. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచిన దగ్గర్నుంచి అప్పటిదాకా వాడికి నిద్ర లేదు. ఎగుమతయ్యే మన వనామి రొయ్యల్ని అందరికంటే ఎక్కువ కొన్నది వాళ్ళే. మేత ధర తగ్గదు, చెరువు నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లకి కరెంటు తప్పదు, తెల్లమచ్చ తెగులు వచ్చిందంటే పట్టుబడికి ముందే పట్టేయాలి, ఇప్పుడిది ఇంకొకటి. అయినా ఏడు పట్టుబట్టి రొయ్యల వేపుడు చెప్పించింది. ప్లేటు రాగానే రొయ్య వేలితో లెక్కపెట్టాడు. పన్నెండు. ఒకదాన్ని ఎత్తి లైటు వైపు పట్టి చూసి "60 కౌంటు" అన్నాడు, అంటే కిలోకి 60 తూగే సైజు. "అంటే ఇది 200 గ్రాములు. చెరువు గట్టు మీద నేను కిలో అమ్మే డబ్బుకి వీడు 200 గ్రాములు అమ్ముతున్నాడ్రా." తర్వాత ఆ ప్లేటులో సగం వాడే తిన్నాడు.

పొడుగు తొమ్మిదిన్నరకి వచ్చాడు, ఖాకీ చొక్కాతోనే. ఆర్టీసీ డ్రైవర్లకి సంక్రాంతి లేదు, అందరి సంక్రాంతినీ మోసేది వాళ్ళే. తెల్లారి నాలుక్కి హైదరాబాద్ స్పెషల్ ఉందని మాతో మాట్లాడుతూనే పావుగంటలో తినేశాడు. మేం జోకులు వేసుకుంటుంటే వాడు నిద్రకళ్ళతో నవ్వుతున్నాడు, ఒక మాట ఆలస్యంగా.

అప్పుడు ఎవరో యూనిఫామ్ మాట ఎత్తారు. తొమ్మిది, పది తరగతుల ఆడపిల్లలకి నీలం లంగా, తెల్ల ఓణీ. ఏడు పంతులు వైపు తిరిగి, "మాస్టారూ, మీరు మర్చిపోయి ఉంటారు గానీ నేను మర్చిపోలేదు" అంది.

మా నరసాపురం, పాలకొల్లు వైపు ఆడవాళ్ళ చేతిలో ఎప్పుడూ లేసు అల్లే సూది ఉంటుంది. ఏజెంటు దారం ఇస్తాడు, అల్లి ఇస్తే కూలి ఇస్తాడు. ఏడు వాళ్ళ అమ్మ అల్లేది, ఏడూ అల్లేది, బళ్ళో ఆటల పీరియడ్‌లో కూడా చెట్టు కింద కూర్చుని అల్లడం నాకు గుర్తే. ఆ ఏడాది ధనుర్మాసం నెలంతా, ఏజెంటు ఇచ్చిన దారంలో పోగు పోగు మిగిల్చి, తన కోసం ఓణీకి అంచు అల్లుకుందట. వేలెడంత వెడల్పు, చిన్న చిన్న పువ్వులు. గుడ్డ 60 రూపాయలు పెట్టి పాలకొల్లులో కొన్నారట. పండగ సెలవులయ్యాక బడి తెరిచిన రోజున మొదటిసారి కట్టుకొచ్చింది. రెండో పీరియడ్‌లో భుజం నుంచి వీపు దాకా ఒకటే వరస, నీలం సిరా, ఆరు చుక్కలు, రెండు సరిగ్గా లేసు మీద. వెనక్కి తిరిగి చూస్తే పంతులు చేతిలో పెన్ను ఉంది.

"నిమ్మకాయా ఉప్పూ వేసి రుద్దితే చుక్కలు కాస్తా మచ్చలయ్యాయి. మా అమ్మ నా వీపు చీరేసింది. ఆ లేసు విప్పి దిండు గలేబుకి కుట్టేసుకున్నాను" అంది. గొంతులో కోపం లేదు. 27 ఏళ్ళు మోసినదాన్ని కిందపెట్టి ఇదిగో చూడండి అన్నట్టు చెప్పింది, అంతే.

పంతులు బిక్కచచ్చిపోయాడు. వాడికి ఏమీ గుర్తు లేదు. గుర్తుండదు, ఎందుకంటే వాడు చేయలేదు. అయినా వాడి మంచితనం ఎలాంటిదంటే "అయ్యో, నేనే అయ్యుంటానండీ, చిన్నతనం, సారీ అండీ" అని లేచి నిలబడి రెండు చేతులూ జోడించాడు, ఆ చేతులకి ఇంకా పులావు అంటుకునే ఉంది.

నా నోట్లో పండుగప్ప ముక్క ఉంది. మింగుడు పడలేదు. పంతులు వెనక బెంచీలో, దారి పక్కన కూర్చునేవాణ్ని నేను. ఆ రోజు పెన్ను ఆగిపోయింది, విదిలించాను, అది నిజం. నేల మీద విదిలించొచ్చు, అటే విదిలించాను, అదీ నిజం. ఎందుకంటే ఏం చెప్పను, అంచు తెల్లగా మెరుస్తోంది. ఏడు వెనక్కి తిరిగేసరికి పెన్ను డెస్కు కిందికి పోయింది, నా తల పుస్తకంలోకి పోయింది.

"అది పంతులు కాదండీ, నేను" అన్నాను.

ఏడు నా వైపు తిరిగింది. అంతవరకూ నాతో మాట్లాడింది "మీరు హైదరాబాదులో ఎక్కడుంటారండీ" ఒక్కటే.

"నువ్వా!"

టేబుల్ ఒక్కసారి నిశ్శబ్దం అయిపోయింది. పక్క టేబుల్లో పాప కూడా అటు చూసింది. మొదట నవ్వింది పదహారు, తర్వాత పొడుగు, ఈసారి ఆలస్యం లేకుండా. "నువ్వేంట్రా దొంగవెధవా, 27 ఏళ్ళు నా మీద పెట్టి కూర్చున్నావా, నా సారీ నాకిచ్చెయ్" అని పంతులు నా మీద పడ్డాడు. ఏడు నవ్వాలో తిట్టాలో తెలియక కాసేపు నన్నే చూసి, "నువ్వు ఎంత బుద్ధిమంతుడివనుకునేదాన్నో. ఏడాదంతా పుస్తకంలోంచి తలెత్తేవాడివి కాదు" అంది. అందుకేనమ్మా ఎత్తంది.

దాని తర్వాత ఆ టేబుల్ దగ్గర మీరు అన్న మాట వినపడలేదు. లీడరు మేడమ్ మానేశాడు. పన్నెండు రొయ్యని "నువ్వు మాత్రం తక్కువా, సైకిల్ గాలి తీసేవాడివి" అని పట్టుకుంది. బావగారొక్కరే మిగిలారు, ఆయన్ని ఎవరం ఏకవచనం చేయలేం కదా, ఊరి అల్లుడు.

ఆయనే బిల్లు లాక్కోబోయాడు. అల్లుడు డబ్బు తీస్తే ఊరి పరువు పోతుందని ముగ్గురం కలిసి ఆయన చేయి పట్టుకున్నాం. 6,800. ఆయన్నీ పిల్లల్నీ వదిలేసి ఎనిమిది మందికి తలా 850, లీడరు కట్టేశాడు, అందరం వాడికి పంపాలి. బయటికొచ్చాక కూడా కార్ల దగ్గర ఇంకో ముప్పావుగంట నిలబడ్డాం. పొడుగు మాత్రం వెళ్ళిపోయాడు. పదహారు వాళ్ళ తమ్ముడు బైకు మీద వచ్చి హారన్ కొడుతూ ఉన్నాడు, ఒకప్పుడు నాకు నోట్సు తెచ్చిపెట్టినవాడే, ఇప్పుడు బట్టతల.

ఇంటికెళ్ళేసరికి పదకొండున్నర దాటింది. అమ్మ పడుకోలేదు. ఏం తిన్నావని అడగలేదు, గిన్నె ముందు పెట్టింది, గారెలు పెరుగులో నాని ఉన్నాయి. రెండు తిన్నాను.

మర్నాడు పొద్దున లీడరు గ్రూపులో స్క్రీన్‌షాట్ పెట్టాడు. ఏడు దగ్గర్నుంచి వచ్చింది 790. కింద నోట్‌లో "ఓణీ గుడ్డ నిమిత్తం 60 మినహాయించడమైనది" అని ఉంది. ఆ అరవై నేను కట్టాను. పంతులు ఊరుకుంటాడా, లెక్కల మాస్టారాయె: నూటికి రెండు రూపాయల వడ్డీ, నెలకి రూపాయి ఇరవై పైసలు, 27 ఏళ్ళకి 388 రూపాయల 80 పైసలు, చక్రవడ్డీ వేయలేదు, అబద్ధపు సారీ ఖర్చులు వేరే అని పెట్టాడు. లేసు సంగతేంటని రొయ్య అడిగాడు. మధ్యాహ్నం దాకా ఏడు నుంచి జవాబు లేదు. తర్వాత ఒక ఫోటో వచ్చింది. పాత దిండు గలేబు, చుట్టూ వేలెడంత లేసు, పసుపురంగుకి తిరిగిపోయింది, ఒక మూల రెండు మచ్చలు. కింద ఒక్క లైను రాసింది: "దీని ధర ఇంకా అనుకోలేదు, నువ్వు మాత్రం వచ్చే కనుమకి రాకుండా ఉండకు."